తార్నాకలో సొంత మిద్దె ఉన్న డూప్లెక్స్: చివరి చెల్లింపుకి ముందు మిద్దె మీద నీళ్లు కట్టి చూడండి

తార్నాక మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. లోపలి వీధి, అటూ ఇటూ పాత ఇండిపెండెంట్ ఇళ్లు, వాటి మధ్య స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఐదు అంతస్తుల అపార్ట్‌మెంట్. నాలుగు, ఐదు అంతస్తులు కలిపి ఒక్క ఫ్లాటు. కింద హాలు, వంటిల్లు, రెండు బెడ్‌రూములు. హాల్లో 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు మేర పైన శ్లాబు లేదు, ఇరవై అడుగుల ఎత్తు వరకు ఖాళీ. మెట్లెక్కి వెళితే ఆ ఖాళీలోకి తొంగిచూసే లాఫ్ట్, దానికి ఆనుకొని బాత్‌రూము, తూర్పు తలుపు తీస్తే 540 చదరపు అడుగుల సొంత మిద్దె. లాఫ్ట్ అనగానే మనకి వంటింట్లో గంగాళాలు సర్దే అటక గుర్తొస్తుంది. ఇక్కడి లాఫ్ట్ నిలువెత్తు గదే, ఒక పక్కన గోడ బదులు గాజు రెయిలింగు ఉంటుంది, అంతే తేడా.

ఇలాంటి ఫ్లాట్లు హబ్సిగూడ, మారేడ్‌పల్లి, కొండాపూర్ వైపు కూడా వస్తున్నాయి. లోపాలు దాదాపు అన్నిచోట్లా ఒకటే కాబట్టి బిల్డింగు పేరు రాయడం లేదు. ముందే చెప్పేస్తే: లోపలి ఇంటికి పదికి ఎనిమిది, మిద్దెకి పదికి ఐదు. కొనేవాళ్లు డబ్బు ఎక్కువ పెట్టేది ఆ మిద్దె చూసే కాబట్టి ఆ ఐదు మార్కుల సంగతి వివరంగా రాయాలి.

మొదట కొలతలు. అమ్మేవాళ్లు చెప్పే లెక్క 2,432 చదరపు అడుగులు. టేపు పట్టి కొలిస్తే కింద 960, పైన 420, మొత్తం కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల, 1,380. మిగతాది ఎక్కడిదంటే, బయటి గోడలు 110, బాల్కనీ 60 కలిపి 1,550. దాని మీద కామన్ ఏరియా కింద 25 శాతం, అంటే 388. ఆపైన హాలు మీది ఖాళీని కూడా పై అంతస్తు నేల ఉన్నట్టే లెక్కగట్టి 224. మిద్దెలో సగం 270. గోడలు, కామన్ ఏరియా అందరూ కలిపేవే, వాటితో పేచీ లేదు. ఆ 224 మాత్రం ఒప్పుకోవద్దు. అడుగు 7,500 అనుకుంటే అది ఒక్కటే 16 లక్షల 80 వేలు, అక్కడ కాలు పెట్టడానికి నేలే లేదు. అదే ధరకి మొత్తం 1 కోటి 82 లక్షల 40 వేలు అవుతుంది, కార్పెట్ మీద భాగిస్తే అడుగు 13,200 పైచిలుకు. పక్క వీధిలో మామూలు ట్రిపుల్ బెడ్‌రూముతో పోల్చాల్సింది ఈ అంకెనే. మెయింటెనెన్స్ కూడా ఈ 2,432 మీదే వేస్తారు కాబట్టి ఇప్పుడు ఒప్పుకున్న ప్రతి అడుగుకీ నెలనెలా కడుతూనే ఉండాలి.

తర్వాత కాగితాలు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియాలో బాల్కనీని, సొంతానికి ఇచ్చిన ఓపెన్ టెర్రస్‌ని కలపకూడదంటుంది. అదే చట్టం మామూలు టెర్రస్‌లని కామన్ ఏరియాల్లో చేర్చింది. కాబట్టి "మిద్దె మీకే, ఎవరూ రారు" అన్న బిల్డరు మాటకి గాని, లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితానికి గాని విలువ లేదు. శాంక్షన్ ప్లానులో, అంటే మున్సిపాలిటీ ఆమోదించిన ప్లానులో, ఆ మిద్దె ఈ ఫ్లాటుకే చెందిన ఓపెన్ టెర్రస్ అని కనిపించాలి. సేల్ డీడ్ షెడ్యూలులో 540 అడుగులు అన్న కొలత, నాలుగు వైపుల హద్దులు ఉండాలి. ఈ ఫ్లాటుకి కొలత ఉంది, హద్దులు లేవు. రిజిస్ట్రేషన్‌కి ముందు ఒక పేరా చేర్పిస్తే పోయేదానికి తర్వాత అసోసియేషన్‌తో ఏళ్ల తరబడి తగువు పడాల్సి వస్తుంది.

ఇంకో విషయం అంతకంటే పెద్దది. పై లెవెల్ శాంక్షన్ అయిన ఐదు అంతస్తుల్లోనే ఉందా, లేక ఐదింటి మీద లేపిన ఆరోదా? హైదరాబాద్‌లో పెంట్‌హౌస్ పేరుతో అమ్ముతున్న వాటిలో ప్లానులో లేనివి బోలెడు. అలాంటిదానికి బ్యాంకు లోను ఇవ్వడానికి వెనకాడుతుంది, కూల్చివేత నోటీసు భయం పోదు, తిరిగి అమ్మేటప్పుడు కొనేవాడు ఇదే ప్రశ్న అడుగుతాడు. ఈ ఫ్లాటులో ఐదో అంతస్తు ప్లానులోనే ఉంది, ఆ విషయంలో నిశ్చింత. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండవచ్చు అన్న అనుమతి) వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు. పని జరుగుతుండగా కొంటే 5 శాతం, పై ధర మీద 9 లక్షల 12 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చులు తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం.

ఇంట్లోకి వస్తే మొదట కళ్లకి కనిపించేవి మెట్లే. ఇనుప దూలం మీద టేకు పలకలు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఎక్కితే మాత్రం మోకాలికి తెలుస్తుంది. అంతస్తు ఎత్తు 126 అంగుళాలు. దాన్ని 16 మెట్లతో సరిపెట్టారు, మెట్టు ఎత్తు దాదాపు 7.9 అంగుళాలు పడింది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకి ఇచ్చిన హద్దు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు. పెద్దవాళ్లు ఉన్న ఇంటికి ఏడు అంగుళాలు హాయి. 18 మెట్లు వేసి, అడుగు పెట్టే పలక పది అంగుళాలు ఇస్తే మెట్ల పొడవు 14 అడుగులు దాటుతుంది. ఇక్కడ తొమ్మిది అంగుళాల పలకలతో 11 అడుగుల 3 అంగుళాల్లో ముగించి హాల్లో మూడడుగులు మిగిల్చారు. శ్లాబులో వదిలిన కంత కొలత అంతే కాబట్టి దీన్ని తర్వాత సరిచేయడం కుదరదు. పని నడుస్తున్న ఫ్లాటయితే కంత కొట్టే ముందే మెట్ల లెక్క అడగండి. పలకల మధ్య వెనకవైపు ఖాళీ నాలుగు అంగుళాలు దాటితే చిన్నపిల్లల తల దూరుతుంది, ఇక్కడ ఆరు ఉంది. ప్రతి మెట్టు కింద ఒక చెక్క పట్టీ బిగిస్తే సరి. రెయిలింగుకి వేసిన 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు పగిలితే మొత్తం ఒక్కసారిగా రాలిపోతుంది. లాఫ్ట్ అంచున లామినేటెడ్ గాజు ఉండాలి, పగిలినా రెండు పలకల మధ్య పొర పట్టి ఉంచుతుంది.

మూడడుగుల వెడల్పు మెట్ల మీదుగా బీరువా పైకి వెళ్లదు. అయినా ఈ ఫ్లాటుకి దిగులు లేదు, పై లెవెల్ నుంచి ఐదో అంతస్తు కారిడార్‌లోకి రెండో తలుపు ఇచ్చారు. ఈ ఇంట్లో మెచ్చుకోదగ్గ పనుల్లో మొదటిది అదే. బీరువా, మంచం, మట్టి బస్తాలు లిఫ్టులోనే పైకి చేరతాయి, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ మిద్దె మీదికి మెట్లెక్కకుండా వెళ్లగలుగుతుంది, వంటింట్లో మంట లేచినా పైన ఉన్నవాళ్లకి వేరే దారి ఉంటుంది. ఏ డూప్లెక్స్ చూసినా ఈ రెండో తలుపు ఉందా అని అడగండి.

ఇరవై అడుగుల హాలు గురించి అందరూ గొప్పగా చెబుతారు. వెలుతురు నిజంగా బాగుంది. వేడి సంగతి వేరు. పడమర వైపు 14 అడుగుల వెడల్పున కింది నుంచి పైదాకా గాజు, మే నెలలో రెండున్నర నుంచి సూర్యాస్తమయం దాకా ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. వేడిగాలి పైకెక్కి లాఫ్ట్‌లో నిలుస్తుంది, లాఫ్ట్ కప్పు మీద ఎండకి కాగిన శ్లాబు ఉండనే ఉంది. హాల్లో రెండు టన్నుల ఏసీ పెడితే కింద సోఫా దగ్గర చల్లగా, పైన మంచం దగ్గర ఉక్కగా ఉంటుంది. ఎందుకంటే ఏసీ చల్లబరచాల్సింది నేల కొలతని కాదు, గాలి మొత్తాన్ని. ఈ హాల్లో మామూలు హాలుకి రెట్టింపు గాలి పడుతుంది.

దీనికి చేయాల్సిన పనులు వరుసగా: గాజుకి బయటివైపు తెరలు; లోపలి కర్టెన్లయితే వేడిని ఆపలేవు, అప్పటికే ఎండ గాజు దాటి వచ్చేసి ఉంటుంది. లాఫ్ట్ అంచున జరుపుడు గాజు తలుపులు, లోపల విడిగా ఒకటిన్నర టన్ను ఏసీ. హాలు పైభాగాన ఎదురెదురుగా రెండు వెంటిలేటర్లు, ఒకదానికి ఎగ్జాస్ట్. పై శ్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత, కనీసం సున్నం. ఆ పై శ్లాబు కామన్ కాబట్టి అసోసియేషన్ అనుమతి కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కాబట్టి మీటింగులో అడగడానికి ఆధారమూ ఉంది. ఫ్యాను విషయానికొస్తే, నేల నుంచి తొమ్మిది పది అడుగుల ఎత్తులో రెక్కలుంటేనే గాలి తగులుతుంది, ఇరవై అడుగుల కప్పు నుంచి పదడుగుల రాడ్డు దింపితే ఊగుతుంది. గోడ ఫ్యాన్లే మేలు. లైట్లు లాఫ్ట్ నుంచి చెయ్యి అందే చోట గోడకి పెట్టించుకోండి. లేకపోతే ఒక బల్బు మార్చాలన్నా, పండగకి బూజు దులపాలన్నా పరంజా కట్టాలి.

వంటిల్లు హాలు వైపు తెరిచి ఉంది. ఎండుమిరపకాయల పోపు ఘాటు రెండు నిమిషాల్లో లాఫ్ట్‌లో పడుకున్నవాళ్ల ముక్కులోకి వెళుతుంది, కుక్కర్ విజిల్ కూడా అంతే. గొట్టం లేకుండా ఫిల్టర్‌తో గాలిని తిప్పి వదిలే చిమ్నీ ఇక్కడ పనికిరాదు. ఆరంగుళాల గొట్టంతో, వంపులు రెండుకి మించకుండా, గోడ బయటికి వదిలేది కావాలి. వంటింటికి జరుపుడు గాజు తలుపు పెట్టుకుంటే ఇంకా మంచిది.

పై బాత్‌రూములో షవర్ తిప్పితే నీళ్లు ధార కట్టవు, కారతాయి. కారణం సులువు. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగుకీ ఈ షవర్‌కీ మధ్య ఎత్తు ఆరడుగులే. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ పీడనం, ఆరడుగులకి 0.18 బార్ వస్తుంది. పెద్ద రెయిన్ షవర్లకి ఒక బార్ దాకా కావాలి. కింది బాత్‌రూములకి అర బార్ వస్తోంది, పర్వాలేదు. పై లైనుకి అర హార్స్‌పవర్ ప్రెషర్ పంపు పెట్టాలి. అది కామన్ లైను మీద కాకుండా మీ ఫ్లాటు లైను మీదే ఉండాలి, లేకపోతే పక్కవాళ్ల నీళ్లు లాగేస్తుందని గొడవ.

ఇక మిద్దె. ఉత్తర దక్షిణాలు 30 అడుగులు, తూర్పు పడమరలు 18. తూర్పు మిద్దె కావడంతో పొద్దున ఎండ, మధ్యాహ్నం దాటాక బిల్డింగు నీడ. వడియాలకి, ఆవకాయ ముక్కలకి, మిద్దె తోటకి ఇంతకన్నా మంచి దిక్కు దొరకదు. ట్యాంకు ఎక్కే నిచ్చెన కూడా ఈ మిద్దె మీదుగా పోలేదు, కామన్ మెట్ల దగ్గరే ఉంది. చాలా చోట్ల ట్యాంకు కడిగేవాళ్లు, కేబుల్ వాళ్లు "సొంత" మిద్దె మీదుగానే వెళతారు, అది చూసుకోవాలి.

లోపం నీటి వాలులో ఉంది. నీళ్లు పోయే కంత ఆగ్నేయ మూలన ఒక్కటే, అది కూడా మూడంగుళాలది. తలుపు దగ్గర్నుంచి ఆ మూలకి 28 అడుగులు. నూటికి ఒకటి వాలు లెక్కన మూడంగుళాల పైచిలుకు తేడా ఉండాలి. ట్యూబు పెట్టి మట్టం చూస్తే అంగుళంపావు తేలింది. బకెట్టు నీళ్లు తలుపు ముందు పోస్తే రెండు టైల్స్ దూరం పోయి ఆగిపోయాయి, మధ్యలో పళ్లెంలా గుంట పడింది. గడప ఎత్తు రెండంగుళాలే. 540 అడుగులంటే 50 చదరపు మీటర్లు. గంటకి 100 మిల్లీమీటర్ల వాన పడితే ఐదు వేల లీటర్లు ఆ ఒక్క కంతలోంచే పోవాలి. జాలీకి నాలుగు వేపాకులు అడ్డం పడితే అరగంటలో నీరు సగటున రెండంగుళాలు నిలిచి గడప తాకుతుంది, ఆ తర్వాత లాఫ్ట్ చెక్క ఫ్లోరింగు, ఆపైన మెట్ల మీదుగా హాలు. 2020 అక్టోబరు 13న హబ్సిగూడ వీధులు మునిగిన రాత్రి లాంటి వానని తట్టుకునేలా మిద్దె ఉందా లేదా అన్నదే కొలమానం.

దీనికి మందు మూడు పనులు. గడపని గ్రానైట్ రాయితో ఆరంగుళాలకి ఎత్తడం. తలుపు ముందు నాలుగంగుళాల వెడల్పు కాలువ తీసి, జాలీ పరిచి, దాన్ని కొత్తగా పెట్టే రెండో కంతకి కలపడం. మూడోది ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ: పిట్టగోడకి, టైల్స్ కంటే రెండంగుళాల ఎత్తున ఒక తూము పెట్టడం. కంతలు మూసుకుపోయినా నీరు తూములోంచి బయటికి దూకుతుంది, కింద వీధిలో వాళ్లకి కూడా కనిపిస్తుంది, వెంటనే జాలీ తీసి శుభ్రం చేసుకోవచ్చు.

వాటర్‌ప్రూఫింగ్ పని చేసిందో లేదో తెలుసుకోవడానికి ఒక్కటే పరీక్ష. కంతకి గుడ్డ ఉండ కుక్కి, సిమెంటుతో మూసి, సగటున రెండంగుళాల నీరు కట్టాలి. రెండున్నర వేల లీటర్లు పడతాయి, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లో సగం. వాలు తక్కువ కాబట్టి తలుపు వైపు ఇటుక, సిమెంటుతో చిన్న కట్ట వేయాలి. గోడ మీద నీటిమట్టం దగ్గర గీత గీసి, పక్కనే స్టీలు బేసిన్‌లో అంతే లోతు నీళ్లు పోసి, దానికీ గీత పెట్టాలి. ఎండకి రెండూ ఆవిరవుతాయి, మిద్దె మీది నీరు బేసిన్ కంటే ఎక్కువ తగ్గితే ఆ తేడా శ్లాబులోకి పోయినట్టే. 72 గంటలు ఉంచి, కింద సీలింగు మీద చెయ్యి పెట్టి చూడాలి, ముఖ్యంగా పైపులు దిగే మూలల్లో, పిట్టగోడ కలిసే అంచుల్లో. మిద్దె కింద సగం మీ బెడ్‌రూములే, మిగతా సగం పక్క ఫ్లాటు హాలు. ఆ ఇంట్లోకి కూడా వెళ్లి చూడనివ్వమని అడగండి.

చెమ్మ కనిపిస్తే టైల్స్ మీద కెమికల్ రాస్తామంటారు. ఒక వానాకాలం గడుస్తుంది, రెండోదానికి మళ్లీ మొదలు, పైగా వాలు మారదు. సరైన పని అంటే టైల్స్, కాంక్రీటు పొర తీసేసి శ్లాబు దాకా వెళ్లడం. పగుళ్లని వి ఆకారంలో చెక్కి పాలిమర్ మోర్టారు నింపాలి. గోడ, నేల కలిసే మూలని రెండంగుళాల గుండ్రటి వాలుగా తిప్పాలి, సూటి మూల దగ్గర పొర మడత పడి చిట్లుతుంది. ప్రైమరు కొట్టి, నాలుగు మిల్లీమీటర్ల తారు మెంబ్రేన్‌ని (నీరు దిగని షీటుని) నాలుగంగుళాల అతుకులతో కాల్చి అతికించి, పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించాలి. అప్పుడు మళ్లీ నీళ్ల పరీక్ష. నిలిస్తేనే పైన రెండంగుళాల వాలు కాంక్రీటు, ఆపైన టైల్స్. ప్రతి పదడుగులకి ఒక సందు వదిలి సీలెంట్ నింపకపోతే ఎండకి టైల్స్ గుడారంలా లేస్తాయి. ఇంత చేశాక పాడుచేసేది ఎక్కువగా మనవాళ్లే. పెర్గోలా (పందిరి) కాళ్లని, ఏసీ స్టాండుని నేలకి బోల్టులు కొట్టి బిగిస్తారు, ఒక్కో బోల్టు మెంబ్రేన్‌కి ఒక్కో కన్నం. బిగించాలంటే పిట్టగోడ పై భాగానికే బిగించాలి.

మిద్దె తోట పెట్టేవాళ్లకి బరువు లెక్క. మనుషులు తిరిగే మిద్దెలకి భారతీయ ప్రమాణం తీసుకునే భారం చదరపు మీటరుకి 1.5 కిలో న్యూటన్లు, దాదాపు 150 కిలోలు. తడిసిన మట్టి అడుగు లోతున నింపితే చదరపు మీటరుకి 540 కిలోల దాకా వస్తుంది. కాబట్టి ఇటుకలతో మడులు కట్టి మట్టి నింపడం వద్దు, పిల్లల కోసం రెండడుగుల నీటి తొట్టి అసలే వద్దు. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు ఎక్కువగా, మట్టి తక్కువగా. కరివేపాకు, నిమ్మ లాంటి పెద్ద డ్రమ్ములు మధ్యలో కాకుండా కింద దూలం ఉన్న గీత వెంబడే. అన్నీ ఇనుప స్టాండ్ల మీద ఉండాలి, కుండీ నేలకి ఆనితే నీటి దారి మూసుకుంటుంది, దాని కింద టైల్ అతుకులు నాని పాచి పడతాయి. స్టాండ్లని పిట్టగోడకి ఆనించి పెట్టకూడదు. గోడ ఎత్తు మూడడుగుల మూడంగుళాలు, స్టాండు మీదెక్కిన పిల్లవాడికి అది నడుము దాకా కూడా రాదు.

కోతులు వస్తాయి. ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉంది, టమాటా పండిన రోజే తెలిసిపోతుంది. అలాగని మిద్దె మొత్తానికి రేకులు కప్పితే ఓపెన్ టెర్రస్ కాస్తా అనుమతి లేని గదిగా మారుతుంది. విప్పుకోగలిగే షేడ్ నెట్, కాయగూరల మడి మీద మాత్రం ఇనుప వల సరిపోతాయి. బయటి ప్లగ్ పాయింటుకి నీరు చొరని పెట్టె, దాని లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఇక్కడ మామూలు స్విచ్ బోర్డు పెట్టారు, మొదటి వానకి ముందే మార్పించాలి.

బేరం ఇలా పెట్టండి. హాలు మీది 224 అడుగులు లెక్కలోంచి తీసేయాలి. రెండో కంత, తూము, ఆరంగుళాల గడప బిల్డరు ఖర్చుతో రావాలి. నీళ్ల పరీక్ష ఫలితం చూశాకే చివరి చెల్లింపు. రెరా చట్టం 14వ సెక్షను ప్రకారం తాళాలు చేతికొచ్చిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. ఆ ఐదేళ్లు దాటాక పక్క ఫ్లాటు హాల్లో చెమ్మ దిగితే మిద్దె కింది మెంబ్రేన్ ఎవరిది, టైల్స్ ఎవరివి, బాగుచేయించే ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్నది ఒప్పందంలోనే రాయించండి. ఆ పక్క ఫ్లాటు ఇంకా అమ్ముడు కాకపోతే మరీ మంచిది, అదే వాక్యం వాళ్ల డీడ్‌లో కూడా పెట్టించవచ్చు.